ఒక్కొక్కరం ఒక్కసారే – కంప్యూటర్‌లో సమితుల పెట్టె

ఈ నెల గోడ పత్రికలో లెక్కల మూల రాసే వంతు నాది. పోయిన నెల పొడుపు లెక్కలు బాగున్నాయని అందరూ అన్నారు. నాది అంత సరదాగా ఉండదు, కొంచెం నిదానంగా చదవండి. అన్నం గంట కొట్టేలోపు అవ్వకపోతే మిగతాది రేపు చదువుకోవచ్చు. కాగితం ఎక్కడికీ పోదు.

ముందు ఒక మాట. లైబ్రరీ అంటే మనకి తెలిసింది స్టాఫ్ రూము పక్కనున్న తాళం వేసిన బీరువా. కంప్యూటర్ వాళ్ళ లైబ్రరీ అది కాదు. ప్రోగ్రాములు రాసేవాళ్ళు మాటిమాటికీ చేయవలసిన పనులను ఎవరో ఒకసారి బాగా రాసి, పేరు పెట్టి ఉంచుతారు. తర్వాత ఎవరికి కావాలన్నా ఆ పేరుతో పిలిస్తే చాలు. ఊళ్ళో ఒక ఇంటి ముందు రోలు ఉంటే అందరూ వచ్చి దంచుకుంటారు కదా, అలాగన్నమాట. అందులో వస్తువులను గుంపుగా పెట్టుకోవడానికి చేసిన వాటిని కలెక్షన్స్ అంటారు.

లెక్కల మాష్టారు శనివారాలు కంప్యూటర్ గదిలో మా ముగ్గురికి పైథాన్ నేర్పిస్తున్నారు. ఒక శనివారం ఆయన ఇలా అన్నారు. "పైథాన్‌లో సమితి ఉంది. అది లేదనుకోండి. మీరే తయారు చెయ్యాలి. ఏమేం నిర్ణయించాలో రాసుకు రండి." ఆయన బీరువాలో ఉన్న పాత పదో తరగతి పుస్తకంలో సమితుల పాఠం ఉంది, అది ఇచ్చేరు. పాఠం చదివితే పని అయిపోతుందనుకున్నాం. అవ్వలేదు. ఎందుకు అవ్వలేదో అదే ఈ వ్యాసం.

సమితి అనగా ఏది లోపల ఉందో ఏది లేదో అనుమానం లేకుండా చెప్పగలిగిన గుంపు. "మన తరగతిలో కబడ్డీ ఆడేవాళ్ళు" సమితి అవుతుంది. "మన తరగతిలో బాగా పాడేవాళ్ళు" అవ్వదు, దాని మీద రాత్రంతా దెబ్బలాట అవుతుంది. సమితిలో ఉన్న ఒక్కొక్కదాన్ని మూలకం అంటారు. వరస లేదు. ఒక మూలకాన్ని రెండుసార్లు రాసినా అది ఒక్కటే.

కబడ్డీ జట్టు రోల్ నంబర్లు 3, 8, 11, 17, 24 అనుకోండి. పాటల జట్టు 8, 17, 20, 31. రెండూ కలిపితే వచ్చేది సమ్మేళనం: 3, 8, 11, 17, 20, 24, 31. ఐదూ నాలుగూ తొమ్మిది కదా, ఏడే వచ్చేయేంటి అనకండి. 8వ నంబరు అక్క, 17వ నంబరు నేను రెండింట్లోనూ ఉన్నాం. మా ఇద్దరినీ తీసుకుంటే అది ఛేదనం. కబడ్డీ ఆడుతూ పాడని వాళ్ళు 3, 11, 24. అది భేదం. పుస్తకంలో ఇంతే.

ఈ లెక్కకు దారి వేసినవారు జార్జ్ కాంటర్. 1845లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పుట్టి, జర్మనీలో హాలె ఊరి విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పేరు. 1874లో వచ్చిన ఆయన వ్యాసంతో సమితుల లెక్క మొదలైందని చెప్తారు. ఆయనకి కావలసింది అనంతం సంగతి, అంటే అంతులేని సంఖ్యల గుంపుల్లో ఏది పెద్దది, ఏది చిన్నది అని. నాకు కావలసింది దుప్పట్ల సంగతి. అది కిందకి వస్తుంది, ఆగండి.

కంప్యూటర్ భాషకి సమితినే పునాదిగా వెయ్యొచ్చు అని 1960ల చివరలో న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో జాక్ ష్వార్ట్జ్ అనే లెక్కల ప్రొఫెసరు అనుకున్నారు. ఆయన చేసిన భాష పేరు సెట్ల్. ఆడా అనే ఇంకొక భాషకి పరీక్ష నెగ్గిన మొట్టమొదటి కంపైలరును 1983లో సెట్ల్‌లోనే రాసేరు. అది చాలా నిదానంగా నడిచేది. అయినా నెగ్గింది. సెట్ల్‌లోని ఆలోచనలు కొన్ని ఏబీసీ అనే భాషలోకి, అక్కణ్ణించి పైథాన్‌లోకి వచ్చేయి. కానీ 1991లో బయటికి వచ్చిన పైథాన్‌లో మొదట సమితి లేదు. 2003లో 2.3 వెర్షన్‌తో విడిగా ఒక మాడ్యూలుగా వచ్చింది. 2004లో 2.4తో భాషలోనే చేరిపోయింది. ఆలస్యంగా వచ్చినందుకు ఒక నష్టం కూడా జరిగింది. ఖాళీ ఫ్లవర్ బ్రాకెట్లు రాస్తే పుస్తకంలో శూన్యసమితి. పైథాన్‌లో ఆ గుర్తును డిక్షనరీ అప్పటికే పట్టేసుకుంది, బస్సులో ముందెక్కినవాళ్ళు కిటికీ పక్కన కూర్చున్నట్టు. అందుకని శూన్యసమితికి పేరు పెట్టి, పక్కన మామూలు బ్రాకెట్లు పెట్టి పిలవాలి. సమ్మేళనం గుర్తు కీబోర్డు మీద లేదు కాబట్టి నిలువు గీత వేస్తారు. కూడిక గుర్తు పెడితే తప్పు అని వస్తుంది. అది నాకు నచ్చింది. కూడిక అంటే ఐదూ నాలుగూ తొమ్మిదే అవ్వాలి, ఏడు అవ్వకూడదు.

ఇప్పుడు మేం రాసుకున్న ప్రశ్నలు చెప్తాను.

ఒక మూలకం లోపల ఉందా లేదా అని కంప్యూటర్ ఎలా చూస్తుంది? వరసగా వెతికితే వెయ్యి మందిలో వెయ్యిసార్లు చూడాలి. మన ట్రంకు పెట్టెల గది గుర్తు తెచ్చుకోండి. పది అరలున్నాయి అనుకోండి. రోల్ నంబరులో చివరి అంకె ఏదో ఆ అరలో పెట్టె పెట్టాలని నియమం పెడదాం. 37వ నంబరు పెట్టె ఉందా అంటే ఏడో అరకి వెళ్ళి చూస్తే చాలు, మిగతా తొమ్మిది అరలు ముట్టుకోనక్కర్లేదు. ఏడో అరలో 17, 27 కూడా ఉండొచ్చు, అక్కడ మాత్రం ఒక్కొక్కటీ చూడాలి. దీన్ని హాషింగ్ అంటారు. నిజం హాష్ లెక్క ఇంకా పెద్దది, పేర్లకి కూడా ఒక సంఖ్య కడుతుంది. ఆలోచన మాత్రం ఇదే.

ఈ అరల వల్ల ఒక చిక్కు వచ్చింది. నాది 17, నా పెట్టె ఏడో అరలో ఉంది. మధ్యలో సెక్షను మార్చి నాకు 22 ఇచ్చేరనుకోండి. పెట్టెని ఎవరూ కదపలేదు. ఇప్పుడు 22 ఉందా అని అడిగితే రెండో అరలో చూసి లేదు అంటారు. పెట్టె గదిలోనే ఉంది! పుస్తకంలో ఇలాంటిది జరగదు, ఎందుకంటే పుస్తకంలో మూలకాలు మారవు. సమితి కూడా మారదు, ఒకటి చేరిస్తే అది ఇంకో సమితి. కంప్యూటర్‌లో మాత్రం అన్నీ మారతాయి. జావా అనే భాషలో ఈ ప్రమాదం గురించి రాసి పెట్టేరు, జాగ్రత్త పడే పని మనదే. పైథాన్ కొంచెం గట్టిది. మారగలిగే పట్టికను సమితిలో పెట్టబోతే వద్దు అంటుంది. సమితిలో సమితి పెట్టబోయినా వద్దు అంటుంది. పెట్టాలంటే గడ్డకట్టిన సమితి అని ఒకటి వేరే ఉంది, దాన్ని ఫ్రోజెన్‌సెట్ అంటారు. అది మారదు కాబట్టి ఏ అరలో పెట్టేమో ఆ అరలోనే దొరుకుతుంది. మేం ముగ్గురం పైథాన్ పక్షమే వెళ్ళేం.

జావా సంగతి ఇంకొకటి. అందులో కలెక్షన్స్ 1998లో 1.2 వెర్షన్‌తో వచ్చేయి, ఆ పని నడిపించినవారు జాషువా బ్లాక్. అక్కడ ఛేదనం చెయ్యాలంటే "వీళ్ళని మాత్రం ఉంచు" అనే ఆజ్ఞ ఇవ్వాలి. కబడ్డీ సమితికి ఆ ఆజ్ఞ ఇస్తే పాటల జట్టులో లేనివాళ్ళు అందులోంచి చెరిగిపోతారు. ముందే నకలు తీసుకోకపోతే కబడ్డీ జట్టు పోయినట్టే. నేను మొదటిసారి విన్నప్పుడు నవ్వేను. తర్వాత ఆలోచిస్తే, పెద్ద పెద్ద సమితులకు ప్రతిసారీ కొత్త కాపీ రాయడం కూడా దండగే. పైథాన్‌లో రెండు రకాలూ ఉన్నాయి, కొత్తది ఇచ్చేది, ఉన్నదాన్ని మార్చేది.

పూరకసమితి దగ్గర మాకు మాకు గొడవ అయ్యింది. కబడ్డీ ఆడనివాళ్ళు ఎవరు అని అడిగితే ఏం చెప్పాలి? తరగతిలోనా, హాస్టల్ మొత్తంలోనా? మెస్ వెనకాల చింతచెట్టు కూడా కబడ్డీ ఆడదు, అది లోపలికి వస్తుందా? పుస్తకంలో విశ్వసమితి అని ఒక దీర్ఘచతురస్రం గీసేసి ఊరుకుంటారు. కంప్యూటర్‌కి ఆ దీర్ఘచతురస్రం ఎవరు గీస్తారు? పైథాన్ సమితిలో పూరకం లేనే లేదు, భేదం ఉంది. నీ విశ్వసమితి ఏదో నువ్వే తెచ్చుకుని దాంట్లోంచి తీసెయ్యి అని అర్థం. జావాలో ఈనమ్‌సెట్ అనే ఒకదానికి మాత్రం పూరకం ఉంది, ఎందుకంటే అందులో రాగలిగే పేర్లన్నీ ముందే రాసి ఉంటాయి.

మెస్ సరుకులకి సమితి పనికిరాదు అని కూడా తెలిసింది. మూడు బస్తాల బియ్యం వస్తే సమితి "బియ్యం" అని ఒక్కసారి రాసుకుని ఊరుకుంటుంది. మా అమ్మ సంతకి కొండచీపుర్లు తీసుకెళ్తుంది. ఎన్ని కట్టలో లెక్క లేకపోతే ఆమెకి ఆ జాబితా ఎందుకు? ఎన్నిసార్లు ఉందో కూడా గుర్తుంచుకునేదాన్ని బ్యాగ్ అంటారు, స్మాల్‌టాక్ భాషలో పేరే అది. పైథాన్‌లో దాని పని కౌంటర్ చేస్తుంది. డిక్షనరీ కూడా నిజానికి సమితే అని మాష్టారు చెప్పినప్పుడు ఆశ్చర్యపోయేం. రోల్ నంబరు, పేరు అని జంటలు రాసుకోండి. జంటల సమితి అది. ఒకటే నియమం, ఒక నంబరుకి రెండు పేర్లు ఉండకూడదు. ఇక హాజరు పిలిచే జాబితా అంటే ఒకటోది ఎవరు, రెండోది ఎవరు అని వరస సంఖ్యకి మనిషిని కట్టిన జంటలు. అలా చూస్తే అన్నీ సమితిలోంచే పుట్టేయి. అందుకే సెట్ల్‌లో డిక్షనరీలకి వేరే గది అక్కర్లేకపోయింది, జంటల సమితితోనే పని జరుపుకున్నారు.

ఇవన్నీ రాసుకుని వెళ్తే మాష్టారు చదివి, "ఒక్క ప్రశ్న రాయలేదు" అన్నారు. ఆయన చెప్పకుండానే నాకు తట్టింది. రెండు వస్తువులు ఒకటే అని ఎప్పుడు అనాలి?

నిరుడు చలికాలంలో మనకి దుప్పట్లు వచ్చేయి కదా. అందరి పేర్లూ పిలిచేరు, నా పేరు పిలవలేదు. లైను చివరిదాకా నిలబడ్డాను. హాస్టల్ రిజిస్టరులో నా ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. స్కూలు రిజిస్టరులో ఇంటిపేరు లేదు. ఇంగ్లీషులో రాసినప్పుడు ఒకచోట చివర 'ఎ' ఒకటి, ఇంకొకచోట రెండు. మా ఇంట్లో బడికి వచ్చిన మొదటి మనిషిని నేనే. నా పేరు ఎలా రాయాలో ఇంట్లో ఎవరికీ తెలీదు. చేర్చిన రోజు ఎవరు రాస్తే అదే నా పేరు. ఎక్కడో ఎవరో రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టి, రెండింట్లోనూ ఉన్న పేర్లకే దుప్పటి రాసేరు. అది ఛేదనం అని అప్పుడు నాకు తెలీదు. నేను రెండు జాబితాల్లోనూ ఉన్నాను. వాటి ఛేదనంలో లేను.

పదకొండు రాత్రులు నా స్నేహితురాలి దుప్పట్లో ఇద్దరం పడుకున్నాం. వార్డెన్ మేడమ్ రాసి పంపితే తర్వాత నాది వచ్చింది. మధ్యలో సంత రోజు మా అమ్మ చూడ్డానికి వచ్చింది. విషయం విని, "అయితే నువ్వు ఇక్కడ లేవా ఏంటి?" అని మా భాషలో అడిగింది. నేను జవాబు చెప్పలేదు. (ఛేదనం బదులు సమ్మేళనం చేసి ఉంటే నాకు రెండు దుప్పట్లు వచ్చేవి. ఒకటి స్నేహితురాలికి ఇచ్చేదాన్ని.)

ఇది మనుషులు రాసిన తప్పే అనుకున్నాను. కంప్యూటర్‌లో కూడా జరుగుతుందని మాష్టారు చూపించేరు. యూనికోడ్ అనే ప్రపంచ అక్షరాల పట్టికలో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఉంది. మన 'అ' సంఖ్య 3077, 'క' సంఖ్య 3093. ఐత్వం 3144. కానీ అదే ఐత్వాన్ని ఎత్వం 3142, దాని కింద వేసే గుర్తు 3158 అని రెండు ముక్కలుగా కూడా పెట్టవచ్చు. తెర మీద రెండూ 'కై' అనే కనిపించాలి. సమితిలో వేసి ఎన్ని ఉన్నాయి అని అడిగితే రెండు అంటుంది. కంటికి ఒకటి, కంప్యూటర్‌కి రెండు! పోల్చే ముందు రెంటినీ ఒకే రూపంలోకి మార్చుకునే పద్ధతి ఉంది, పైథాన్‌లో యూనికోడ్‌డేటా అనే మాడ్యూలు ఆ పని చేస్తుంది. అడిగితేనే చేస్తుంది. తనంతట తాను చెయ్యదు.

కాబట్టి సమితి తయారుచేసేవాళ్ళు రెండు మాటలు ఇవ్వాలి. ఒకటి, ఏ రెండు ఒకటే అవుతాయో చెప్పే నియమం. రెండు, ఒకటే అన్నవి రెండూ ఒకే అరలోకి వెళ్ళాలి. నా రెండు పేర్లూ ఒకటే అని ఒప్పుకుని, ఒకదాన్ని మూడో అరలో, ఇంకోదాన్ని ఎనిమిదో అరలో వెతికితే ఒప్పుకున్నది దేనికి? జావాలో చాలామంది మొదటిది రాసి రెండోది మర్చిపోతారని మాష్టారు అన్నారు. నాకు దాంట్లో ఆశ్చర్యం ఏమీ అనిపించలేదు.

పేరుతో పోల్చొద్దు, అడ్మిషన్ నంబరుతో పోల్చుదాం అని నేనే గట్టిగా పట్టుబట్టేను. మిగతా ఇద్దరూ ఒప్పుకున్నారు. రెండు శనివారాలు కూర్చుని మా సమితి రాసేం. అరలు, చేర్చడం, తీసెయ్యడం, సమ్మేళనం, ఛేదనం, భేదం అన్నీ పనిచేశాయి. పరీక్షకి ఆరో తరగతి జాబితా తీసుకున్నాం. నలభై మంది పిల్లలు. సమితిలో వేసి ఎంతమంది అని అడిగితే ముప్ఫై ఎనిమిది అంది.

టైపు చెయ్యడంలో తప్పనుకున్నాం. మళ్ళీ వేసేం. మళ్ళీ ముప్ఫై ఎనిమిదే. ఇద్దరు పిల్లలు ఎక్కడికి పోయేరు? మధ్యాహ్నం అన్నానికి కూడా వెళ్ళకుండా ఒక్కొక్క పేరూ వేలు పెట్టి చూసుకుంటూ వచ్చేం. చివరికి దొరికింది. ఈ నెలలోనే కొండ మీది ఊళ్ళ నుంచి వచ్చిన ముగ్గురు చెల్లెళ్ళకి ఇంకా అడ్మిషన్ నంబరు వెయ్యలేదు. వాళ్ళ పక్కన ఖాళీ. ఖాళీ, ఖాళీ సమానమే కదా. మా నియమం ప్రకారం ఆ ముగ్గురూ ఒక్క మనిషి అయిపోయేరు. నలభైలోంచి ఇద్దరు పోయేరు. మిగిలిన ఆ ఒక్క పేరు ఎవరిదంటే జాబితాలో ముందున్న చెల్లిది. తర్వాత వచ్చిన ఇద్దరినీ "ఈమె ఉంది కదా" అని మా సమితి లోపలికి రానివ్వలేదు. చప్పుడు కూడా చెయ్యలేదు.

నా పేరుకి జరిగినదానికి కోపం తెచ్చుకుని రాసిన నియమమే వాళ్ళకి ఇంకోరకంగా అదే చేసింది. ఆ రోజు నాకు చాలా సిగ్గేసింది.

మాష్టారు తిట్టలేదు. "పుస్తకంలో 'ఒకటే' అన్న మాట ముందే తెలిసినట్టు మొదలుపెడతారు. లైబ్రరీలో అది ఎవరో ఒకరు చెప్పాలి" అన్నారు. అందుకని మార్చేం. ఇప్పుడు మా సమితి తనంతట తాను నియమం పెట్టుకోదు. వాడేవాళ్ళే దేనితో పోల్చాలో చెప్పాలి. పోల్చే చోట ఖాళీ వస్తే చేర్చకుండా ఆగి, ఎన్నో వరసలో ఖాళీ ఉందో చెప్తుంది. చేర్చమన్నది అప్పటికే ఉంటే "ఉంది" అని జవాబిస్తుంది. పైథాన్ ఇది చెప్పదు, ఊరికే ఉంటుంది. జావా చెప్తుంది. ఈ ఒక్కదాంట్లో జావా నుంచే తీసుకున్నాం. మాలో ఒకామె అలా మాటిమాటికీ ఆగితే పని ఎప్పటికి అవుతుంది అంటోంది. ఆమె మాట కూడా నిజమే, ఆ సంగతి మేమింకా తేల్చుకోలేదు.

ఇప్పుడు ఆరో తరగతి జాబితా వేస్తే ముప్ఫై ఏడు అని చూపించి, మూడు వరసల దగ్గర ఆగింది. ఆ మూడు పేర్లూ విడి కాగితం మీద రాసి వార్డెన్ మేడమ్‌కి ఇచ్చేం. నంబర్లు వచ్చేదాకా ఆ కాగితం ఆఫీసు గది తలుపు వెనక అంటించి ఉంటుంది. ఆ చెల్లెళ్ళు ముగ్గురూ వెళ్ళి తమ పేర్లు సరిగ్గా రాసేమో లేదో చూసుకోవాలి. ఇంకా చదవడం రాకపోతే నాతో రండి, నేను చదివి వినిపిస్తాను.

– 9వ తరగతి, రోల్ నంబరు 17